పదిన్నరకి ఆగిన సెట్టు

ఆ చలికాలం మా ఇంట్లో మొదట పట్టుబడింది పిల్లి.

తెల్లవారుజామున అయిదింటికి లేచి ముందుగదిలోకి వచ్చేసరికి అది నా ఆంప్లిఫయర్ మీద ముడుచుకుని పడుకుని ఉంది. మేం పెంచుకున్న పిల్లి కాదు, వెనక గోడ దూకి వచ్చేది. దాన్ని అదిలించి దింపి, అది పడుకున్న చోట చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. ఇంకొకడైతే పిల్లి ఒంటి వేడే అనుకుని టీ పెట్టుకోవడానికి పోయేవాడు. నేను పిల్లి ఆనని మూల కూడా తడిమాను. అదీ వెచ్చగానే ఉంది.

నేను పాటలు వినే ఆ సెట్టు ముందురోజు రాత్రి పదిన్నరకే ఆగిపోయింది. ఆగడం కళ్ళారా చూశాను. ఆరున్నర గంటల తరవాత, అంత చలిలో, ఇనప మూతకి ఆ వేడి ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

నేను బస్సుల్లో చెకింగ్ ఇన్‌స్పెక్టర్ని. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. కండక్టర్లు నా వెనకాల నన్ను డేగ అంటారు. ఆ సంగతి నాకు తెలుసని వాళ్ళకి తెలియదు. టికెట్ కొననివాడు నేను ఎక్కగానే కిటికీలోంచి బయటికి చూస్తాడు. నిన్నటి టికెట్ పెట్టుకున్నవాడు అడక్కముందే తీసి చూపిస్తాడు. మొహం చూస్తే చాలు, టికెట్ చూడక్కర్లేదు నాకు. అలాంటివాడి ఇంట్లో, వాడి సొంత సెట్టుతో, రాత్రిపూట ఎవరో ఆడుకుంటున్నారు. ఒళ్ళు మండిపోయింది.

ఆ సెట్టు పదిన్నరకి దానంతట అదే ఆగిపోయే ఏర్పాటు నేను చేసిందే. వానాకాలం చివర్లో ఒకసారి రాత్రంతా ఆన్‌లో ఉండిపోయి లోపల ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. "తెల్లార్లూ వేసి పెడితే ఏ సెట్టయినా ఇంతే సార్" అన్నాడు రిపేరు చేసే మెకానిక్. ఎవరు ఆపడం మరిచిపోయారని ఇంట్లో రెండు రోజులు విచారణ జరిపాను. "మీరే. కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోయారు" అంది మా ఆవిడ. నేను ఒప్పుకోలేదు. చివరికి టైమర్ ప్లగ్గు ఒకటి కొని తెచ్చాను. గుండ్రటి చక్రం, చుట్టూ చిన్న చిన్న పళ్ళు. ఒక్కో పన్ను పావుగంట. నొక్కిన పళ్ళ మేరకి కరెంటు వెళ్తుంది, నొక్కనివి వచ్చేసరికి టక్కున ఆగిపోతుంది. పక్కన చిన్న స్విచ్చు ఉంటుంది. దాన్ని పైకి లేపితే చక్రంతో పని లేకుండా సెట్టు నడుస్తుంది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదని చెప్పాను.

"నోరు ఆపే ప్లగ్గు కూడా అమ్ముతున్నారేమో కనుక్కోకపోయారా" అంది మా ఆవిడ.

మొదట ఆవిడనే అనుమానించాను. ఇంట్లో ఉన్నదే ముగ్గురం కాబట్టి వరసలో అడగాలి కదా.

"రాత్రి లేచి పాటలేమైనా విన్నావా?"

"మీ గురక చాలదూ నాకు?"

సూటిగా చూస్తూ చెప్పింది. ఆ మొహంలో టికెట్ ఉంది. ఆవిణ్ణి వదిలేశాను.

మూడోవాడు నా బావమరిది. ఆవిడ తమ్ముడు, పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళో పెద్ద ఆడిటోరియంలో మైకులూ స్పీకర్లూ చూసుకునే పని అతనిది. ఏ సభ అయినా, ఏ నాటకం అయినా హాల్లో వెనకాల తన బల్ల దగ్గర, మెడలో హెడ్‌ఫోన్లు వేసుకుని నిలబడి మీటలు పైకీ కిందికీ జరుపుతూ ఉంటాడు. అతనుండే మేడకి రిపేర్లు పెట్టారని, రెండు వారాలు ఉండి పోతానని, చలి మొదలవుతూనే పెట్టెతో దిగాడు. వెనక గదిలో మంచం వేశాం. రెండు వారాలు ఆరు వారాలయ్యాయి.

వచ్చిన రోజే అన్నాల దగ్గర నేను నా డ్రైవర్ కథ చెప్పాను. ఎవరొచ్చినా చెబుతాను అది. నాతోపాటు ఉద్యోగంలో చేరినవాడు, స్నేహితుడు, మా ఇంట్లో పదిసార్లు భోంచేసినవాడు. ఒక కన్ను మసకబారింది. ఏటా జరిగే కంటి పరీక్షలో గోడమీది అక్షరాలు ముందే బట్టీ పట్టి అప్పజెప్పి నెట్టుకొస్తున్నాడు. ఒకరోజు స్టాపులో చెయ్యెత్తిన మనిషిని చూడకుండా పోనిచ్చాడు. నేను బస్సులోనే ఉన్నాను. సాయంత్రానికల్లా రిపోర్టు రాసి ఇచ్చాను. స్టీరింగ్ దగ్గర్నుంచి దింపి డిపో గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెట్టారు వాణ్ణి.

"స్నేహం స్నేహమే, డ్యూటీ డ్యూటీయే" అని ముగించాను ఎప్పటిలాగే.

బావమరిది చేతిలో ముద్ద అలాగే ఉంది. మా ఆవిడ అతని వైపు ఒకసారి చూసి, లేచి మంచినీళ్ళకి వెళ్ళింది. ఆ చూపు నేను గమనించాను. గమనించి, తప్పు అర్థం చేసుకున్నాను. ఈ ఇద్దరి మధ్యా ఏదో ఉంది, నాకు తెలియకుండా ఏదో నడుస్తోంది అనుకున్నాను.

పిల్లి దొరికాక అతని మీద కన్నేశాను. వేసిన కొద్దీ ఆధారాలు దొరికాయి. వెనకనుంచి పిలిస్తే పలకడు. రెండోసారి పిలిస్తే ఉలిక్కిపడి తిరుగుతాడు. ఏదడిగినా ముందు "ఆఁ... ఆఁ" అంటాడు, ఒక క్షణం ఆగి జవాబు చెప్తాడు. అడగ్గానే చెప్పనివాడు లోపల కథ అల్లుకుంటున్నాడని నా అనుభవం. నేను జోకు వేస్తే మా ఆవిడ నవ్విన తరవాత నవ్వుతాడు. మాట్లాడుతుంటే కళ్ళలోకి చూడడు, నా మూతి వైపు చూస్తాడు. కళ్ళు కలపలేనివాణ్ణి ఎంతమందిని దింపానో బస్సుల్లోంచి!

అసలు ఆధారం మాత్రం సౌండు నాబ్ దగ్గర దొరికింది. నేను రాత్రి వింటూ ఉండగానే టైమర్ సెట్టుని ఆపేస్తుంది. కాబట్టి నాబ్ నేను ఉంచిన చోటే, నాలుగు అంకె దగ్గర, ఉండిపోవాలి. పొద్దున చూస్తే సున్నా దగ్గర ఉంటోంది. మా ఇంట్లో ఎవరికీ సున్నాకి తిప్పే అలవాటు లేదు.

"సెట్టు ఆపేముందు సౌండు సున్నాకి దించాలా ఏమిటి?" అని టీ తాగుతూ, ఏమీ ఎరగనట్టు అడిగాను బావమరిదిని. ఎదురుగా కూర్చుని, అతను నన్ను చూస్తుండగా అడిగాను.

"దించాలి బావగారూ. లేకపోతే మళ్ళీ వేసినప్పుడు స్పీకరు టప్పుమంటుంది. మా పనిలో మొదట నేర్పేది అదే" అన్నాడు ఉత్సాహంగా.

దొరికిపోయాడు. మంచి అలవాటే పట్టించింది.

కానీ ఒకటి అర్థం కాలేదు. రాత్రంతా సెట్టు వాడితే చప్పుడు రావాలి కదా? మా పడగ్గది గోడకి అవతలే ముందుగది. చలికాలం, ఫ్యాన్లు కూడా లేవు, గుండుసూది పడినా వినిపిస్తుంది. నాకు ఏమీ వినిపించడం లేదు. చప్పుడు చెయ్యని సెట్టుతో మనిషికేం పని? మా మాటలు రికార్డు చేస్తున్నాడా? అక్కా తమ్ముడూ కలిసి నా ఇంటికే ఎసరు పెడుతున్నారా? ఒకరాత్రి కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నాను పట్టుకుందామని. మా ఆవిడ పొద్దున్నే వచ్చి భుజం తట్టి లేపింది. ఒంటిమీద దుప్పటి ఉంది. అది ఆవిడ కప్పిందా, దొంగ కప్పాడా అన్నది ఇప్పటికీ తేలలేదు.

ఒక ఆదివారం సెట్టు దుమ్ము దులుపుతుంటే ముందు అంచు కింద వేలికి ఏదో తగిలింది. వంగి చూశాను. తెల్ల కాగితం టేపు ముక్క, జానెడు పొడవు. దానిమీద పెన్సిల్‌తో చీమ తలకాయలంత అంకెలు. రెండు. రెండు. రెండున్నర. మూడు. మూడు. మూడున్నర. బస్సు చార్జీల్లా పెరుగుతూ పోయి ఆరు దగ్గర ఆగాయి.

గంటలు, అనుకున్నాను. రోజుకి ఎన్ని గంటలు నా సెట్టు వాడుకున్నాడో రాసుకుంటున్నాడు. అమ్మిన టికెట్‌నే మళ్ళీ అమ్మే కండక్టర్లు ఇలాగే తమకి మాత్రమే తెలిసే గుర్తులు పెట్టుకుంటారు. టేపు పీకలేదు. దొంగ గుర్తుని చెరపకూడదు, ఇంకా పెరగనివ్వాలి.

రెండు రోజుల తరవాత పొద్దున సెట్టుకి ఒక పెన్ డ్రైవ్ తగిలించి ఉంది. మరిచిపోయాడన్నమాట. అతను కిటికీ దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు, వీపు నా వైపు ఉంది. మా ఆవిడ వంటింట్లో ఉంది. ఇద్దరూ ఉన్నప్పుడే బండారం బయటపెడదామని స్విచ్చు లేపి, నాబ్ నాలుగుకి తిప్పాను.

పాట కాదు, మాటా కాదు. ఒకే ఒక ఈల. సన్నగా, పొడుగ్గా, ఆపకుండా, సూది గుచ్చినట్టు. వంటింట్లో గిన్నె కిందపడింది. పిల్లి కిటికీలోంచి, అతని భుజం పక్కనించి ఒక్క దూకు దూకింది. నేను చెవులు మూసుకున్నాను.

బావమరిది టీ గుటక వేశాడు. దూకిన పిల్లిని చూసి, ఏమైందా అని తల తిప్పి, చెవులు మూసుకున్న నన్ను చూసి, అప్పుడు లేచి నిలబడ్డాడు.

ఏమీ ఎరగనట్టు ఎంత బాగా కూర్చున్నాడు! దొంగతనం చేస్తే ఇంత నిబ్బరంగా చెయ్యాలి, అనుకున్నాను. నిజంగా ఆ మాటే అనుకున్నాను.

సెట్టు ఆపి, పెన్ డ్రైవ్ పీకి జేబులో వేసుకుని, టేపు చూపించాను.

"ఏమిటయ్యా ఇది?"

"ఊరికే బావగారూ... సెట్టు ఎలా ఉందో పరీక్ష చేస్తున్నాను."

"నా సెట్టుకి నువ్వెవరు పరీక్ష చెయ్యడానికి? తెల్లవారుజామున, టైమర్ స్విచ్చు పైకి లేపి, దొంగలా?"

"అప్పుడైతే ఊరు సద్దుమణిగి ఉంటుంది. అందుకని."

"నా చెవిలో పువ్వులు కనిపిస్తున్నాయా నీకు?"

అతను నా మూతినే చూస్తున్నాడు. ఏదో చెప్పబోయి అక్క వైపు చూశాడు. ఆవిడ గుమ్మంలో చేతిలో గరిటెతో నిలబడి ఉంది. తల అడ్డంగా ఊపింది. చెప్పొద్దని.

ఆ ఊపు చూశాక నాకు పూర్తిగా మండింది. "ఈ నెలాఖరుకి గది చూసుకో" అన్నాను.

"అలాగే బావగారూ" అన్నాడు. ఆ ఒక్కదానికి మాత్రం వెంటనే జవాబు చెప్పాడు.

ఆ వారం రోజులూ మా ఆవిడ నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. కంచం పెట్టేది, తీసేది. టైమర్ మాత్రం రోజూ పదిన్నరకి టక్కుమనేది. పొద్దున సెట్టు మూత చల్లగా ఉండేది. గెలిచాననే అనుకున్నాను, అయినా రోజూ చెయ్యి పెట్టి చూడడం మానలేదు.

నెలాఖరుకి రెండు రోజుల ముందు మా డిపో వాళ్ళ వార్షికోత్సవం, ఆ ఆడిటోరియంలోనే. ప్రమాదం లేకుండా బస్సు నడిపిన డ్రైవర్లకి బహుమతులు. వేదిక మీద పేర్లు చదివే పని నాది. మధ్యాహ్నం మూడింటికి హాలు నిండిపోయింది. గుమ్మం దగ్గర పాసులు చూసి లోపలికి పంపుతున్నది ఎవరో కాదు, నేను దింపించిన నా స్నేహితుడే. నాతో మాట్లాడి నాలుగేళ్ళయింది. నా పాసు కూడా మంచి కన్ను దగ్గరికి తెచ్చుకుని చూసి, తిరిగి ఇచ్చాడు.

నేను మైకు ముందుకి వెళ్ళి కాగితం తెరిచాను. అప్పుడు మొదలైంది కూత. అదే ఈల. సన్నగా, పొడుగ్గా, హాలంతా. ముందు వరసలో పెద్దాఫీసర్లు చెవులు మూసుకున్నారు. ఒక చంటిపిల్ల గుక్కపట్టింది. వందల చేతులు చెవుల మీదికి వెళ్ళాయి.

హాలు చివర తన బల్ల దగ్గర నా బావమరిది నిలబడి ఉన్నాడు. రెండు చేతులూ మీటల మీద ఉన్నాయి. నా వైపే చూస్తున్నాడు. మొదలుపెట్టండి అన్నట్టు చిన్నగా నవ్వుతూ, తల ఊపుతూ.

నేను మొహాలు చదివేవాణ్ణి. ఆ మొహంలో దొంగతనం లేదు. అంత కూత మోగుతుంటే ఆ మొహంలో ఏ చప్పుడూ లేదు.

తరవాత అతనికి చేతులు కనిపించాయి. జనం చెవుల మీది చేతులు. నవ్వు ఆగిపోయింది. ఒక మీట దించాడు, అది కాదు. ఇంకొకటి దించాడు. కూత ఆగింది. నేను పేర్లు చదివాను. ఎలా చదివానో నాకు తెలియదు. రెండు, రెండున్నర, మూడు అన్న అంకెలే కళ్ళముందు తిరుగుతున్నాయి. అవి గంటలు కావు. సెట్టు నాబ్ మీది అంకెలు. ఏ తెల్లవారుజామున ఎంతకి తిప్పితే ఆ ఈల హెడ్‌ఫోన్లలో తన చెవికి అందిందో అవి. నేను పెట్టుకునే నాలుగు దాటి ఆరుకి చేరాయి. హెడ్‌ఫోన్లు తగిలిస్తే స్పీకర్లు మూగబోతాయి, అందుకే గోడ ఇవతల నాకేమీ వినిపించలేదు.

సభ అయ్యాక ఆడిటోరియం మేనేజరు నన్ను గుమ్మం దగ్గర ఆపాడు.

"మీ బంధువే కదండీ మా మైకుల అబ్బాయి? ఈ నెలలో ఇది మూడోసారి. నాకేదో అనుమానంగా ఉంది. అతనికి చెవులు గానీ...? మీరు ఉన్నదున్నట్టు చెప్పే మనిషని అందరూ అంటారు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నా."

ఇరవై ఎనిమిదేళ్ళలో నేను అబద్ధం రాసిన రిపోర్టు ఒక్కటి లేదు.

"తప్పు నాదండీ" అన్నాను. "మైకు తలకాయని చేత్తో మూసి పట్టుకున్నాను. అలా పట్టుకుంటే కూస్తుందని అతను నాకు లక్షసార్లు చెప్పాడు."

"అలాగా! మీరు చెప్పాక ఇంకేముంది" అని మేనేజరు నా చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

పక్కనే కుర్చీలు మడతపెడుతున్న నా స్నేహితుడు అంతా విన్నాడు. వేదిక మీద మైకు స్టాండుకి ఉందని, నేను దాన్ని ముట్టుకోలేదని అతనికి తెలుసు. ఒక కన్నుతోనైనా అది కనిపిస్తుంది. నాలుగేళ్ళ తరవాత నాతో మాట్లాడాడు.

"అప్పట్లో నీకీ విద్య రాదు కాబోలు" అన్నాడు.

బస్సు వేరు, మైకు వేరు, బస్సులో అరవైమంది ప్రాణాలుంటాయి, అని జవాబు ఉంది నా దగ్గర. సరైన జవాబే. తల వంచుకుని బయటికి వచ్చేశాను.

ఇంటికి వెళ్ళి చెప్పులు కూడా విప్పకుండా సెట్టు ముందు కూర్చున్నాను. పెన్ డ్రైవ్ ఇంకా నా దగ్గరే ఉంది. పెట్టి, నాబ్ రెండుకి తిప్పి, చెవి స్పీకరుకి ఆనించాను. ఈల స్పష్టంగా వినిపించింది. మూడుకి తిప్పాను. నాలుగు దగ్గర తల వెనక్కి లాక్కున్నాను. ఆరుకి తిప్పడానికి చెయ్యి రాలేదు.

మా ఆవిడ వెనకాల వచ్చి నిలబడింది.

"నీకు తెలుసు" అన్నాను.

"వచ్చినరోజే చెప్పాడు. మీకూ చెబుదామనే అనుకున్నాడు. మీరు అన్నాల దగ్గర ఆ డ్రైవర్ కథ మొదలుపెట్టారు."

"నాకు చెబితే నేను..."

"ఏం చేసేవారు? రిపోర్టు రాసేవారు. ఉద్యోగం పోతే వాడి చేతిలో ఇంకేం పని ఉందండీ? వాడికి వచ్చిందల్లా వినడమే."

ఈ ఇంట్లో ఆరువారాలు ఇద్దరు మనుషులు నన్ను చూసి భయపడుతూ తిరిగారు. దాన్నే నేను దొంగతనం అనుకున్నాను.

చీకటి పడ్డాక బావమరిది వచ్చాడు. వస్తూనే వెనక గదిలోకి వెళ్ళి పెట్టె తెరిచాడు. నేను గుమ్మంలో నిలబడ్డాను. అతను అటు తిరిగి చొక్కాలు మడిచి పెట్టుకుంటున్నాడు.

"ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. ఉండు" అన్నాను.

పలకలేదు. ఇంకో చొక్కా మడిచాడు. నిన్నటిదాకా అయితే, ఎంత పొగరు వీడికి, అనుకునేవాణ్ణి.

గదిలోకి వెళ్ళి, మంచం చుట్టూ తిరిగి, అతనికి ఎదురుగా, లైటు నా మొహం మీద పడేలా నిలబడ్డాను. అతను ఉలిక్కిపడి తలెత్తాడు. ఉండమని మళ్ళీ చెప్పాను, నెమ్మదిగా. అతను నా మూతి వైపు చూశాడు. చూసినా నమ్మలేదు. ఇందులో మెలికేమిటా అని వెతుకుతున్నాడు. ఇన్నాళ్ళూ నేను జనాన్ని చూసిన చూపు అది. ఎదురుగా నిలబడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది.

"ఆఖరిసారి ఎంతకి వినిపించింది?" అని అడిగాను.

చేతిలో చొక్కా మంచం మీద పెట్టాడు.

"ఆరున్నర బావగారూ" అన్నాడు. "పెన్ డ్రైవ్ మరిచిపోయిన రోజు. రాసేలోపే మీరు టేపు పట్టేశారు."

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తాను" అన్నాను. సరేనని తలూపాడు. ఇంకా పూర్తిగా నమ్మకం కుదరలేదు అతనికి. అందుకు నేను తప్పు పట్టను.

ఆ రాత్రి కూడా పదిన్నరకి టైమర్ టక్కుమంది, సెట్టు ఆగింది. పడుకునేముందు నేను టేపు మీద ఆరు పక్కన పెన్సిల్‌తో ఆరున్నర రాశాను. సౌండు నాబ్ సున్నాకి దించి, పక్కనున్న చిన్న స్విచ్చు పైకి లేపి వెళ్ళాను.

పొద్దున పిల్లి దానిమీదే ఉంది. నేను చెయ్యి పెట్టి చూడలేదు.